మగ్గాల వీధి మీదుగా గీసిన బైపాస్

కొవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది నన్ను కడప జిల్లాలోని ఒక చేనేత పట్టణానికి టౌన్ ప్లానింగ్ అధికారిగా వేశారు. చేరీ చేరగానే కమిషనర్ గారు మాస్టర్ ప్లాన్ నా నెత్తిన పెట్టారు. ఊరు ఎటు పెరగాలో, రోడ్లు ఎక్కడ పడాలో తేల్చే పటం అది. ముందు ముసాయిదా ప్రకటిస్తాం. గడువులోగా జనం రాసిచ్చిన అభ్యంతరాలు విచారించి కౌన్సిల్ ముందు పెడతాం.

ఆ ఊళ్లో ఏసురత్నం గారనే రిటైర్డ్ మాస్టారు ఒక బ్లాగు నడిపేవారు. మునిసిపల్ బడ్జెట్ వచ్చిందంటే ప్రతి పద్దుకూ ఒక ప్రశ్న వేసేవారు. ఆయనకు జవాబులు చెప్పలేక మా ఆఫీసుకు తల ప్రాణం తోకకొచ్చేది. ఆయన భార్య బజారు ఇరుకులో ఆగిపోయిన అంబులెన్సులోనే చనిపోయింది. అప్పటినుంచీ ఆయన బైపాస్ రోడ్డు కావాలని రాస్తూనే ఉన్నారు.

మా ముసాయిదాలో ఆ బైపాస్ వచ్చింది. నేను చేరకముందే జరిగిన డ్రోన్ సర్వేలో మగ్గాల వీధి వెడల్పుగా, ఖాళీగా కనబడితే కన్సల్టెంట్లు దాని మీదుగా గీత గీశారు. మాస్టారు సంబరంగా బ్లాగులో పెట్టారు. దాని కింద రామలక్ష్మమ్మ అనే నేతగత్తె ఇలా రాసింది: "రోడ్డేస్తే మేము పడుగు యాడ పరచల్ల సార్? ఇంట్లో పట్టదు కదా." ఇక చూడండి, రోడ్డు కావాలని వ్యాపారులు ఒకవైపు, వద్దని నేతవాళ్లు ఒకవైపు ఒకటే రచ్చ. నాకు ఒళ్లు మండి మాస్టారికి ఫోన్ చేశాను. బ్లాగు కింద కామెంట్లు అభ్యంతరాల కిందికి రావని, కావాలంటే ఆఫీసుకొచ్చి రాసివ్వమని కాస్త గట్టిగానే చెప్పాను.

ఆయన, "రేపు పొద్దు పొడవకముందే ఆ వీధికి రాండి సారూ" అన్నారు.

వెళ్లాను. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు నూలు పోగులు, బిగించి, ఇంటిల్లిపాదీ నిలబడి గంజి పట్టిస్తున్నారు. ఎండెక్కేలోపు చుట్టేస్తారట. డ్రోన్ ఎగిరింది మిట్టమధ్యాహ్నం. అప్పుడు అక్కడ ఏముంటుంది, మట్టి తప్ప!

రామలక్ష్మమ్మతో కలిసి మాస్టారే అభ్యంతరం రాసిచ్చారు. గీత మారిస్తే మళ్లీ ముసాయిదా, మళ్లీ గడువు, రోడ్డు ఎప్పటికి పడుతుందో చెప్పలేనన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"నాకు తెలుసు సారూ. మా ఇంటామెకు జరిగింది ఇంగొకరికి జరగగూడదనే ఆ రోడ్డు అడిగినా. ఇంతమంది కూడు తీసేసి కాదు."

కౌన్సిల్ ఆ గీతను కాలువ గట్టుకు మార్చింది. నేను రిటైరయ్యేనాటికి పని మొదలు కాలేదు. బజారులో అంబులెన్సులు ఇప్పటికీ ఆగుతున్నాయని మాస్టారు రాస్తూనే ఉన్నారు.

నేను నేర్చుకున్నది ఇది: ఒక జాగా ఖాళీ అని పటంలో రాసేముందు, ఏ వేళకు ఖాళీ అని అక్కడివాళ్లను అడగాలి. సర్వే రోజున ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే, ఈపాటికి కాలువ గట్టు మీద రోడ్డు ఉండేది.