నీళ్ళలో మహల్ చూపించబోయి

ఎనభైల మొదట్లో పోర్టు ఉద్యోగులం కొందరం కలిసి రాజస్థాన్ యాత్రకు వెళ్ళాం. అక్కడ సరస్సు మధ్యలో రాజులు కట్టిన మహల్ ఉందని, అది చూసి తీరాలని పట్టుబట్టింది నేనే. మా జమీందారీ కోటను పొగాకు గోదాముకు అద్దెకిచ్చుకున్నామని ఆఫీసులో నవ్వేవాళ్ళకు రాజవంశమంటే ఏమిటో ఒకసారి చూపించాలనుకున్నాను.

బస్సు దిగగానే కంపు కొట్టింది. ఊరి మురుగంతా ఆ నీళ్ళలోకే వస్తోంది. మహల్ కింది అంతస్తులు నల్లటి నీళ్ళలో మునిగి ఉన్నాయి. గట్టున ఉబ్బిపోయిన కుక్క కళేబరం.

“బావా, దీనికంటే మన పోర్టు పక్క మల్కాపురం మురుగు గెడ్డే నయం కదేటి!” అన్నాడొక గుమాస్తా పక్కవాడితో. అందరూ పగలబడి నవ్వి, ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను పెట్టుకోలేదు. తీసుకొచ్చినవాణ్ణి నేనే కదా. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గోడల అందం గురించి చెబుతూనే ఉన్నాను.

మా పాత రైతు కొడుకొకడు నాతోపాటే పనిచేసేవాడు. నా ముఖం చూసి, “ఒరే, ఆ గుడ్డలు తీసీండ్రా! బాబుగారు సిన్నబోతన్నారు” అని అరిచాడు.

ఒక్కొక్కరే రుమాళ్ళు జేబుల్లో పెట్టేసి, బుద్ధిగా మహల్ వైపు చూశారు. కంపునైతే భరించాను. వాళ్ళ జాలి అంతకంటే రోతగా తోచింది. ఇక చాలు, బస్సెక్కండన్నాను.