పేరు మారినా షాపు ఆగలేదు

మా తమ్ముడి కూతురు కష్టపడి సాధించిన తొలి ఘనకార్యం ఏమిటంటే, ఒక సాఫ్ట్‌వేర్ పేరు మార్చడం. నవ్వకండి. అంతకుముందు ఎనిమిదో తరగతిలో రేడియో విప్పింది (బిగించింది మెకానిక్), సైకిల్ పోటీలో రెండో స్థానం తెచ్చుకుంది (పోటీ పడింది ఇద్దరే). వాటికీ దీనికీ పోలిక లేదు. ఊరి బడి చదువుతో నాకే అర్థమైంది, మీకు కాదా?

కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో ఒక్కో పనికి ఒక్కో ప్యాకేజీ, అంటే ఆ పనికి కావలసిన ఫైళ్ల మూట. లేబుళ్లు అచ్చువేసే ప్యాకేజీని మూడేళ్లుగా సాకుతున్నది మా పిల్లే. జీతం లేదు, పెత్తనం బోలెడు. ఇంచుమించు అదే పేరుతో ఇంకో పెద్ద ప్యాకేజీ దిగబడింది. మా పిల్లనే పేరు మార్చుకోమన్నారు. మార్చింది. పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ కూడా ఉంచింది. తన కొత్త కంప్యూటర్లో ఎక్కించి చూసుకుని, భేషుగ్గా ఉందని లోకం మీదికి వదిలేసింది.

మర్నాడు జెరాక్స్ షాపు నడిపే దాని మేనమామ ఫోన్.

"ఏమే, అప్‌డేట్ నొక్కితే ఎర్రక్షరాలు కక్కి చచ్చింది. లేబుళ్లు రావట్లేదు. కస్టమర్లకి నీ ఫోటో అంటించి పంపనా?"

ఆ వెంటనే, లినక్స్ కొత్త విడుదలలు చూసే పెద్దమనిషి హెచ్చరిక. ఎడాపెడా కోసేస్తాడని ఆయన్ని అందరూ కత్తెర అంటారు. శుక్రవారంలోగా సరిచేయకపోతే ఈ ప్యాకేజీ కొత్త విడుదలలో ఉండదట. మూడేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

పిల్ల షాపుకి పరుగెత్తి, జెరాక్స్ మిషన్ పక్కన స్టూలేసుకుని కూర్చుంది. తప్పు దొరికింది. కొత్త ప్యాకేజీ తెచ్చిన ఫైళ్లనే పాతది ఇంకా పట్టుకుని కూర్చుంది. "అవి ఇక నావి" అని కొత్తదాని చేత చెప్పించడం పిల్ల మరిచిపోయింది. తన కంప్యూటర్లో పాతది లేనే లేదు కాబట్టి గొడవ బయటపడలేదు.

"పాతది పీకి పారేసి కొత్తది పెట్టరాదూ?" అన్నాడు మేనమామ.

"నీకైతే పీకి పెడతా మావయ్యా. మిగతా షాపులకి ఎవరు పోతారు? వాళ్లు ఒక్క బటన్ నొక్కితే అదే మారాలి."

"మరి ఆ ఖాళీది దేనికి?"

"పాత పేరే తెలిసిన కంప్యూటర్‌ని కొత్తదాని దగ్గరికి తీసుకెళ్లడానికి."

"అచ్చం నీలాగే. లోపలేం లేకపోయినా దారి మాత్రం చెబుతుంది."

"అవి ఇక నావి" అనే ఆ ఒక్క మాటా పిల్ల కొత్తదానిలో చేర్చింది. ఈసారి పరీక్ష మేనమామ మూలన పడేసిన కంప్యూటర్ మీద. అందులో పాతది అలాగే ఉంది. దుమ్ము దులపడం కూడా ఆయనకి బద్ధకం మరి. బటన్ నొక్కగానే లేబుల్ బయటికొచ్చింది. దాని మీద "మావయ్య ముట్టరాదు" అని ఉంది. దాన్ని అక్కడే అంటించి, సరిచేసిన ప్యాకేజీని గురువారమే పంపింది.

కత్తెర కోయలేదు. పైగా, తన దగ్గర పేరు మార్చాల్సిన ప్యాకేజీలు చాలా ఉన్నాయనీ, ప్యాకేజీలు సాకేవాళ్ల సమావేశానికి వచ్చి చేయి వేయమనీ పిలిచాడు. పిల్ల నిన్ననే బయల్దేరింది. వచ్చే నెల పద్నాలుగు, శనివారం తిరిగొస్తుంది.