స్థలం: నా గది

ముందే ఒప్పేసుకుంటాను. నేను ఉన్నదానికి నాలుగు చేర్చి చెప్పే మనిషిని. మా కడపలో పెళ్లికి రెండొందల మంది వస్తే, నేను చెప్పేటప్పటికి రెండువేలవుతారు. కనుక ఇందులో అంకెలు కనబడితే పదితో భాగించుకోండి. అవి కాక ఒక్కచోట నిజంగానే కల్పించాను. అదేమిటో చివర చెబుతాను.

నాలుగైదేళ్ల కిందటి మాట. జెద్దాకు ఉత్తరాన, ఎర్రసముద్రం ఒడ్డున ఓ కొరియా కంపెనీ ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు కడుతోంది. నేనక్కడ సేఫ్టీ ఆఫీసర్ని. హెల్మెట్ పెట్టుకోనివాణ్ణి చూసి అరవడం, అరిచినట్టు ఫారం నింపడం నా ఉద్యోగం. నిచ్చెన తీసుకోవడానికో ఫారం, తిరిగివ్వడానికో ఫారం. మా సేఫ్టీ మాన్యువల్ ఎంత ఎత్తుండేదంటే, దాని మీదికెక్కాలంటే నడుముకు బెల్టు కట్టుకోవాలి.

ఆ ఫారాలన్నిటిలో నాకు ఇష్టమైంది నియర్ మిస్ కార్డు. జరగబోయి తప్పిపోయిన ప్రమాదం గురించి రాసే కార్డది. పైనుంచి స్పానర్ జారి ఎవరి పక్కనో పడిందనుకోండి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా చూసినవాడు కార్డు రాసి క్యాంటీన్ దగ్గరి పెట్టెలో వేయాలి. పేరు రాయక్కర్లేదు. ఎవరు రాశారని మేం వెతకకూడదు. కానీ పెట్టెలోంచి తీసిన ప్రతి కార్డుకూ నంబరు పడుతుంది. నంబరు పడ్డాక అది మాయం కాకూడదు. ఏం చర్య తీసుకున్నామో మర్నాడు పొద్దున అందరి ముందూ మైకులో చదివితేనే ఆ కార్డు మూసినట్టు లెక్క.

పొద్దున అందరం కలిసేది కసరత్తు దగ్గర. కొరియా కంపెనీల్లో అదో ఆచారం. ముప్పైవేల మంది బారులు తీరితే, స్టేజీ మీద యూన్ అనే ఇంజనీరు చేతులెత్తేవాడు. వెల్డింగ్ నాణ్యత చూసే మనిషి, వయసు ముప్పై దాటలేదు. మైకులో నేను ఇంగ్లీషులో, హిందీలో ఏం చెప్పినా, కొరియావాళ్ల కోసం వాళ్ల భాషలో చెప్పే పనీ అతనిదే. కసరత్తుకు మూడు నిమిషాల కొరియా పాట ఒకటి వేసేవారు. మాలో ఎవరికీ అర్థం తెలియదు. పరంజాలు కట్టించే మా స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ కాజా మాత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా అదే పాట కూనిరాగం తీసేవాడు.

ఒకరోజు ఆ పాట రాలేదు. దాని బదులు ఉత్త డప్పుల చప్పుడు.

“మస్తానన్నా, మన పాట యాడికి పాయ?” అన్నాడు కాజా.

ఆఫీసులో అడిగితే కొరియావాళ్లంతా ఒక్కసారే కంప్యూటర్లలోకి తలలు దూర్చారు. చివరికి ఫోన్లో చూసి తెలుసుకున్నాను. ఆ పాట పాడిన కుర్రాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. వాళ్ల దేశంలో అతని ఫోటో లేని గోడ లేదట. ఆఫీసులో ఎవరూ అతని పేరెత్తలేదు. పాట తీసేశారు, పనైపోయిందనుకున్నారు.

మూడోరోజు పెట్టె తెరిస్తే కొరియా భాషలో రాసిన కార్డు ఒకటి కనబడింది. అలవాటుగా నంబరు వేసి, ఫోన్లో అనువాదం చేసి చూశాను.

స్థలం: నా గది. ఏం జరిగింది: ఏమీ జరగలేదు. ఏం జరిగి ఉండేది: ఒక మరణం. కారణం అన్న గడి ఖాళీగా వదిలేశారు.

నా వెన్నులోంచి చలి పుట్టింది. ఎండ యాభై డిగ్రీలు. దీన్ని మాత్రం పదితో భాగించకండి.

కార్డు పట్టుకుని సైట్ మేనేజర్ చో గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వితే హెడ్డాఫీసుకు ముందస్తు నోటీసు ఇవ్వాలనిపించే మనిషి. చదివాడు, మడిచాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఇది సైటు విషయం కాదు మస్తాన్.”

“నంబరు పడింది సార్.”

“పడనీ. మా దేశంలో ఇలాంటిది కాగితం మీద కనబడితే ఆ మనిషి కథ ముగిసినట్టే. ప్రమోషన్ పోతుంది, పెళ్లి సంబంధం పోతుంది. అందుకే ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. పంటి బిగువున పని చేసుకుంటారు.”

“మరి ఆ పాట పాడినతను?”

ఆయన కుర్చీ తిప్పుకున్నాడు. కిటికీలోంచి క్రేన్‌ను చూస్తూ ఉండిపోయాడు.

ఆయన్ను తిట్టుకుంటూ బయటికొచ్చానుగానీ, మేము మాత్రం ఏం తక్కువ తిన్నాం? ఏడాది ముందు మా క్యాంపులో ఓ ఎలక్ట్రీషియన్ పదిరోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటి బెంగ అని మేమే పేరు పెట్టి, బిర్యానీ తినిపించి, ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపేశాం. ఆ తర్వాత ఎలా ఉన్నాడని ఒక్కరూ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

మర్నాడు పొద్దున మేనేజర్ మాట కాదని, ఉద్యోగం పోతే పోయిందని, సింహంలా స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాను.

“నిన్నటి నియర్ మిస్ కార్డు. స్థలం, ఒక గది. ఏమీ జరగలేదు. రాసినవారికి కృతజ్ఞతలు. చర్య: మస్తాన్ క్యాబిన్ తలుపు రోజంతా తీసి ఉంటుంది. టీ ఉంటుంది. ఫారం ఉండదు.”

హిందీలోనూ చెప్పి మైకు యూన్‌కిచ్చాను. అతను నోరు తెరిచాడు, మాట రాలేదు. మైకును వేలితో రెండుసార్లు తట్టాడు. ముందు వరసలో చో గారు బూట్లు చూసుకుంటున్నాడు.

వెనక వరసలోంచి కాజా గొంతు వినబడింది. “ఏందన్నా, మైకు పాయనా? కానీండప్పా, ఎండెక్కతాంది.” అని, డప్పుల కోసం ఆగకుండా ఆ పాత పాటే ఎత్తుకున్నాడు, శ్రుతీ లయా లేకుండా. పక్కవాళ్లు అందుకున్నారు. యూన్ మైకు కింద పెట్టి, మెల్లగా చేతులెత్తాడు. అందరం ఎత్తాం. కసరత్తయ్యాక మైకు తీసుకుని కొరియా భాషలో నేను చెప్పినదంతా చెప్పాడు.

పదకొండింటికి నా క్యాబిన్‌కొచ్చాడు.

“కార్డు నాది.”

“కూర్చో.”

“నిజంగా ఫారం లేదా?”

“లేదు.”

“మీ దగ్గరా ఫారం లేనిది?” అన్నాడు. కొంచెం నవ్వినట్టే అనిపించింది.

టీ చల్లారిపోయింది. వార్త వచ్చినరోజు వాళ్ల మెస్‌లో ఎవరో, అంత డబ్బుండి, అంత పేరుండి చచ్చాడంటే పిరికివాడే అన్నారట. “నేనూ తల ఊపాను,” అన్నాడు. “ఆరునెలలుగా నిద్రలేనివాణ్ణి, నేను కూడా తల ఊపాను.”

అతను సరేనన్నాక నేను చెబితే, సాయంత్రం చో గారే తన కారులో అతన్ని జెద్దాలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. సెలవు కాగితంలో ‘నడుం నొప్పి’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ అబద్ధాన్ని ఆపాల్సిన సేఫ్టీ ఆఫీసర్ని నేను. ఆపలేదు. రెండునెలలకు యూన్ తిరిగొచ్చి మళ్లీ స్టేజీ ఎక్కాడు.

ఎత్తు మీద పనిచేసేవాడు బెల్టు కొక్కెం సరిగా తగిలించుకున్నాడో లేదో పక్కవాడు పైకి అడగాలి. అది మా వృత్తిలో మొదటి పాఠం. గదుల్లో కూడా అడగాలని నేర్చుకోవడానికి నాకు ఇరవైరెండేళ్లు పట్టింది.

ఇక కల్పించిన సంగతి. చురుకైనవాళ్లకు అనుమానం వచ్చే ఉంటుంది. కార్డు చో గారి జేబులో ఉంటే నేనేం పట్టుకుని చదివాను? ఆ పొద్దున ఆయనే నా క్యాబిన్‌కొచ్చి కార్డు చేతిలో పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ టీ, తలుపు మాటలు కూడా ఆయనవే.

“నేను చదివితే మావాళ్లు ఎవరు, ఎవరు అని వెతుకుతారు. నువ్వు చదువు. నువ్వు ఏం చెప్పినా సగమే నమ్ముతారు. రాసినవాడికి ఆ సగం చాలు,” అన్నాడు. తన పేరు ఎక్కడా రానివ్వొద్దన్నాడు.

అందుకే ఇన్నేళ్లూ సింహాన్ని నేనేనని చెప్పుకు తిరిగాను. పోయిన నెల యూన్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. ఇక దాచొద్దు, రాయమన్నాడు. రిటైరైన చో గారిని కూడా అడిగాను. ముందు యూన్ ఎలా ఉన్నాడని అడిగాడు. తర్వాత, “రాయి,” అన్నాడు. “నడుం నొప్పి అని రాసింది కూడా రాయి.”