జనరల్ గారి పరాక్రమం

ఓర్విల్ బాబాయి కోతలు కోస్తాడు. ఈ ముక్క చెప్పకుండా ఆయన గురించి ఇంకేం మొదలుపెట్టినా మా ఊళ్ళో ఎవరూ వినరు. వయసులో ఉండగా చేపల మీద కోసేవాడు, ఆ తర్వాత మంచు తుఫానుల మీద. భార్య పోయాక ఇంట్లోకి జనరల్ వచ్చాడు. అప్పట్నుంచి కోతలన్నీ జనరల్ మీదే.

జనరల్ అంటే కుక్క. ముందే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే చూస్తే తెలీదు. బాబాయి కోటు జేబులో సుఖంగా పడతాడు. ఒక కంట్లో శుక్లం, నోట్లో ఒక్క పన్ను లేదు. రొట్టె పాలల్లో నానబెట్టి పెట్టాలి.

నా దాణా కొట్లో పొయ్యి పక్కన ఒక బల్ల ఉంది. కెనడా సరిహద్దున ఉన్న మా వెర్మాంట్‌లో, చలికాలం వస్తే మా ఊరంతా చేరేది ఆ బల్ల మీదే. దానికి మా తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. అక్కడ చెప్పిన కథని అబద్ధం అనకూడదు. "ఓహో" అనొచ్చు, "అలాగా" అనొచ్చు, మరీ తట్టుకోలేకపోతే లేచి వెళ్ళిపోవచ్చు.

"నిన్న మా పెరట్లోకి ఎలుగుబంటి వచ్చిందోయ్ లేలండ్" అంటాడు బాబాయి.

"ఓహో."

"జనరల్ ఒక్క చూపు చూశాడు. అంతే, అది కెనడా దాకా వెనక్కి తిరగలేదు."

"కెనడా వెళ్ళిందని నీకెలా తెలుసు బాబాయ్?"

"ఇక్కడ లేదుగా మరి!"

అలా జనరల్ ఎలుగుబంట్లని తరిమాడు. ఏనుగంత దుప్పిని చెట్టెక్కించాడు. పోస్టు బండి టైరు కొరికి గాలి తీశాడు. పళ్ళు లేకుండా టైరెలా కొరికాడురా అని ఎవరూ అడగలేదు. కట్టుబాటు కట్టుబాటే.

ఇక మఫిన్ సంగతి. పేరు విని మోసపోకండి, దూడంత కుక్క. స్కూలు బస్సు నడిపే డెల్ఫీన్ దాన్ని దిక్కులేని కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకుంది. అంతకుముందు ఎవడో పాపిష్టివాడు గొలుసుతో కట్టేసి, కొట్టి పెంచాడట. మనుషుల దగ్గర వెన్నముద్దే గానీ చిన్న కుక్కల్ని చూస్తే దానికి ఒళ్ళు తెలియదు. కిందటేడు ఒకదాన్ని కరిస్తే ఊరు హెచ్చరించి వదిలేసింది. ఈ వసంతంలో, మంచు కరిగి దారులన్నీ బురదైపోయిన రోజుల్లో, మెడకి కట్టిన పట్టీ తెంపుకుని బాబాయి వసారాలోకి దూకి జనరల్ చెవి చీల్చేసింది.

రెండోసారి కరిస్తే సూది వేసి చంపెయ్యాలని మా ఊరి రూలు. ఎదటి కుక్కే ముందు పైబడితే తప్ప.

డెల్ఫీన్ నా కొట్టుకొచ్చి దాణా బస్తా మీద కూలబడింది. "మొన్న క్రిస్మస్‌కే అది మొదటిసారి తోక ఊపింది లేలండ్. ఎలా ఊపాలో దానికి సరిగ్గా తెలీదు కూడా" అని ఏడ్చింది.

విచారణ రోజున టౌన్ హాలు కిటకిటలాడిపోయింది. అధ్యక్షురాలు లొరైన్ హాస్కెల్. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఇంకా పుట్టలేదు. జనరల్ అంటే బాబాయికి ప్రాణం, కాబట్టి మఫిన్ పని అయిపోయిందనే అందరం అనుకున్నాం.

"ప్రమాణం చేశావుగా ఓర్విల్. ఏం జరిగిందో చెప్పు" అంది లొరైన్.

బాబాయి లేచి గొంతు సవరించుకున్నాడు. "తప్పంతా మావాడిదేనమ్మా!"

వెనక వరసలవాళ్ళు లేచి నిలబడి చూశారు.

"మఫిన్ పాపం తన మానాన తను పోతోంది. మా జనరల్ పులిలా వసారా మీంచి దూకి దాని పీక పట్టుకున్నాడు. ప్రాణం దక్కించుకోడానికి అది వీడి చెవి పట్టుకుంది. నేనడ్డం పడకపోతే మఫిన్ శవం లేచేది."

జనరల్ ఆయన జేబులో, చెవికి కట్టుతో, గురకపెడుతున్నాడు.

"వాడికి పళ్ళు లేవు ఓర్విల్" అంది లొరైన్.

"ఉన్నప్పుడు చూడాల్సింది. ఇప్పుడు చాలా నెమ్మదించాడు."

అందరూ గొల్లుమన్నారు. బాబాయి గిర్రున నా వైపు తిరిగాడు. "లేలండ్! మా జనరల్ ఎలుగుబంటిని తరిమాడా, లేదా?"

ముందు వరసలో డెల్ఫీన్ ఖాళీ పట్టీని చేతికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంటోంది.

"తరిమాడు" అన్నాను.

"నువ్వు చూశావా?" అంది లొరైన్.

"ఇక్కడ లేదుగా మరి!"

పోస్టుమాన్ కూడా లేచాడు. "నా టైరు ఊరికే పోలేదండీ" అన్నాడు సీరియస్‌గా.

"నువ్వూ ఆ బల్ల మీద కూర్చున్నదానివే లొరైన్" అన్నాడు బాబాయి. "నా మాట అబద్ధమని ఒక్కనాడైనా అన్నావా?"

లొరైన్ కళ్ళజోడు తీసి తుడిచింది. తుడవడానికేమీ లేకపోయినా చాలాసేపు తుడిచింది.

"జనరలే ముందు పైబడ్డాడు గనక మఫిన్‌ని చంపక్కర్లేదు. డెల్ఫీన్, ఎత్తుగా కంచె కట్టించు. పట్టీ గట్టిది కొను. ఇకపోతే, జనరల్ లాంటి క్రూరమృగాన్ని ఊరి మీద వదలడం కుదరదు. బయటికొస్తే మూతికి చిక్కం ఉండాల్సిందే."

బాబాయిని నా బండిలో ఇంటి దగ్గర దింపుతూ అడిగాను. "బల్ల మీద లేవు కదా, నిజం చెప్పు. ఏం జరిగింది?"

"నిద్రపోతున్నాడోయ్, పిచ్చి సన్నాసి. కలలో కాళ్ళు ఆడిస్తున్నాడు."

"మరి నీకు కోపం రాలేదూ?"

"ఎందుకు రాలేదు? ఆ పూట దొరికితే మఫిన్‌ని నేనే చంపేద్దును. తర్వాత ఆ పిల్ల బకెట్ పట్టుకొచ్చి, మోకాళ్ళ మీద కూచుని నా వసారాలో నెత్తురంతా కడిగింది. కుక్కని కాపాడమని ఒక్క మాట అడగలేదు. ఆ ఇంట్లో ఆ పిల్లని పలకరించే ప్రాణి ఆ కుక్కొక్కటే కదోయ్. ఇంటికెళ్తే పలకరించేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

జనరల్ కొలతకి చిక్కం నా కొట్లో దొరకలేదు. బాబాయి టీ వడకట్టే జల్లెడకి ఎలాస్టిక్ కట్టి తగిలించాడు. ఆ అవతారంలో జనరల్ నడిరోడ్డు మీద షికారుకొస్తే జనం బురదలోకి దిగి మరీ దారిస్తారు. "జాగ్రత్త, జనరల్ వస్తున్నాడు!" అని ఒకరినొకరు హెచ్చరించుకుంటారు. లొరైన్ కూడా దిగింది, కొత్త బూట్లతో.

మొన్న డెల్ఫీన్ మఫిన్‌ని పట్టుకుని ఎదురొచ్చింది. చూడగానే జనరల్ గజగజ వణికిపోయి బాబాయి కాళ్ళ మధ్య దూరాడు. బాబాయి గబుక్కున వాణ్ణి ఎత్తి కోటులోపల దాచుకుని, రెండు చేతులతో అదిమిపట్టి కేకలేశాడు.

"తల్లీ, నీ కుక్కని తీసుకుని తొందరగా పో! వీణ్ణి ఎంతోసేపు ఆపలేను!"

"అమ్మో, వెళ్తున్నా బాబాయ్! వదలకు, వదలకు!" అంటూ డెల్ఫీన్, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ, ఆ దూడంత కుక్కని లాక్కుని బురదలో పరుగెత్తింది.