పీపా బీరు, వేడి గ్లాసు

ఆ జూలైలో బాబా దీవానియాకు ఒక స్టీలు పీపా కొన్నాడు. బాబా అంటే నేను పనిచేసే ఇంటి అరబ్బు యజమాని. దీవానియా ఆయన మిత్రులు కూర్చునే గది. దాన్ని చూసుకోవడం నా పని. పీపాలోనిది మద్యం లేని బార్లీ బీరు. గ్యాసు ఒత్తిడికి కుళాయిలోంచి వస్తుంది.

మొదటి గురువారం ప్రతి గ్లాసూ అంచుదాకా నురగే. ఒక అతిథి గడ్డం నిమురుకుంటూ, "బ్లేడు కూడా తెప్పించు" అన్నాడు. అందరూ నవ్వారు, బాబా తప్ప.

వాళ్లు వెళ్లాక నాతో అన్నాడు: "వచ్చే గురువారం కూడా ఇదే అయితే ఖలాస్. నీ ఇఖామా ఈ నెలతో అయిపోతుంది. వేరే మనిషిని చూసుకుంటాను."

యాభై దాటినవాణ్ణి కొత్తగా ఏ ఇంట్లో పెట్టుకుంటారు? ఇఖామా అంటే ఈ దేశంలో ఉండి పనిచేసే అనుమతి; యజమాని పొడిగించకపోతే ఇంటికి తిరిగిపోవాల్సిందే.

శనివారం కొత్త పీపా తెచ్చాను. మొదటిదాన్ని దజీజ్‌లోని గోదాము నుంచి, కారులో అటూ ఇటూ దొర్లుతుండగా తెచ్చి, ఆ వెంటనే తెరిచాను. దీన్ని కదిలించకుండా చల్లబెట్టాను. ఆదివారం గ్యాసు తగ్గించాను. నురగ తగ్గింది గాని పోలేదు. భయంతో కుళాయిని సగమే తిప్పేవాణ్ణి; అలా తిప్పితే ధార చీలి నురగ పెరుగుతుందని సోమవారానికి గాని తెలియలేదు.

వంటపని చేసే రాయచోటి ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏందన్నా, అంత ఎత్తు నుంచి పోస్తాండావు? అదేమన్నా కాఫీనా?"

నిజమే. మా ఇళ్లలో ఎత్తి పోసి నురగ తెప్పించకపోతే అతిథికి మర్యాద చేసినట్టు కాదు. నాకు తెలియకుండానే గ్లాసు కిందికి దిగిపోతోంది. గ్లాసును వంచి కుళాయికి ఆనించి పట్టాను. అయినా సగం నురగే.

"నీ మొగం చూస్తాంటే నాకే భయమైతాంది," అని ఆమె వెళ్లిపోయింది.

గురువారం సాయంత్రం గ్లాసులను ఎప్పటిలాగే చన్నీళ్ల కుళాయి కింద కడిగాను. ఒక గ్లాసు అరచేతిని చురుక్కుమనిపించింది. అది మిద్దె మీది ట్యాంకు నీరు. జూలై ఎండకు కాగి ఉంది. స్నానానికి మేమంతా మే నెలలోనే గీజరు ఆపేసి, ఇంటి లోపల దానిలో నిలిచి చల్లారిన నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటాం. నా ఒంటికి తెలిసిన సంగతి గ్లాసు విషయంలో తట్టలేదు. వేడి గ్లాసులో పోస్తే ఏ బీరైనా పొంగుతుంది.

గీజరు నీళ్లతో మళ్లీ కడిగి, గ్లాసులన్నీ ఫ్రిజ్‌లో పెట్టాను. అతిథులు వచ్చాక, గొట్టంలో వేడెక్కిన మొదటి ధారను పారబోసి, గ్లాసు వంచి, కుళాయి పూర్తిగా తిప్పాను. పైన రెండు వేళ్ల మందాన మాత్రమే నురగ నిలిచింది. బాబా గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, తాగి, "వీళ్లకూ పోయ్" అన్నాడు.

గది ఖాళీ అయ్యాక, "వచ్చే వారానికి ఒక్క పీపా చాలదు, రెండు తీసుకో" అన్నాడు. ఇఖామా సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. వచ్చే వారం అన్నాడు కదా, ఆ ఒక్క మాటనే పట్టుకుని గ్లాసులు కడగడం మొదలుపెట్టాను.