మా ఫుప్పూ చూసిన బొమ్మల సినిమాలు

మొన్న మా కాలేజీ పిల్లలు తాము చేసిన యానిమేషన్ ఫిల్ములు ప్రదర్శించుకుంటూ, జడ్జిగా నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. చేతిలో మార్కుల కాగితం, మొహాన పెద్దరికం. అంతా బాగానే ఉంది గానీ, లైట్లు ఆరిపోగానే నా ఎడమ మణికట్టుని ఎవరో గట్టిగా పట్టుకున్నట్టయింది. పక్క కుర్చీ చూస్తే ఖాళీ. ఇరవయ్యేళ్ళ కిందట అలా పట్టుకున్న మనిషి మా ఫుప్పూ, అంటే మా నాన్న చెల్లెలు.

ఏలూరులో మాది తివాచీలు నేసే ఇల్లు. నేను పెద్దయ్యేసరికి ఒక్క మగ్గమే మిగిలింది. అది ముందుగదిని సగం మింగేసి నిలబడి ఉండేది. దాని ముందు కూర్చోవడానికి ఒక పలక, పలకకి వెనక గోడ. పొద్దున్నే ఫుప్పూ అందులోకి దూరిందంటే, మళ్ళీ బయటికి రావాలంటే మా అమ్మ వచ్చి పలక ఒక కొస ఎత్తి పట్టాల్సిందే. పెళ్ళయిన రెండేళ్ళకే మావయ్య కామెర్లతో పోతే ఆవిడ పుట్టింటికి వచ్చేసింది. నేను కాలేజీకి వెళ్ళేనాటికి పదకొండేళ్ళుగా ఆ ఉన్ని ముడులే ఆవిడ లోకం. మా నాన్న చెడ్డవాడు కాదు. చెల్లెలికి తిండికీ, మందులకీ, పండగ బట్టలకీ ఏనాడూ లోటు చెయ్యలేదు. కాకపోతే ఆవిడ గుమ్మం దాటితే నలుగురూ ఏమంటారోనని భయం. "నీకేం కావాలో చెప్పమ్మా, నేను తెస్తాగా" అనేవాడు. ఉప్పూ పప్పూ అయితే తెస్తాడు గానీ, వీధిని సంచీలో వేసుకుని తేలేడు కదా!

నేనప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు రెండో ఏడు. పొద్దున పాసింజరులో వెళ్ళి సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండాలన్న షరతు మీద చదువుతున్నాను. ఆ వానాకాలం ఒక ఫిల్ము సొసైటీ వాళ్ళు మా కాలేజీ హాల్లో దేశదేశాల యానిమేషన్ లఘుచిత్రాల పండగ పెట్టారు. ఇంటివాళ్ళనీ తీసుకురావచ్చన్నారు. ఆ మాట వినగానే నాకు ఫుప్పూ గుర్తొచ్చింది. గూడెంలో మంచి పళ్ళ డాక్టరు ఉన్నాడని నేనూ, పన్ను సలుపుతోందని ఆవిడా చెరో అబద్ధం ఆడి నాన్నని ఒప్పించాం.

రైల్లో ఆవిడ కిటికీ వదల్లేదు. భీమడోలు దగ్గర చేపల చెరువుల మీదుగా పక్షుల గుంపు ఒకటి కొల్లేటి వైపు వెళుతుంటే, "ఇవన్నీ రోజూ ఇక్కడే ఉంటాయటే?" అంది, నేనేదో ఇన్నాళ్ళూ దాచిపెట్టినట్టు.

హాల్లో తలుపులు మూసి చీకటి చెయ్యగానే భయపడి నా మణికట్టు పట్టుకుంది. నా చేతి గాజు చిట్లి గుచ్చుకుని అబ్బా అన్నా వదల్లేదు. తెర మీద బంకమట్టితో చేసిన ముసలి దంపతులు కంచంలో మిగిలిన ఒక్క చేపముక్క కోసం కొట్లాడుకోవడం మొదలయ్యాకే ఆ పట్టు సడలింది. మాటల్లేని ఫిల్ము. ఏ దేశానిదో మాకు తెలీదు. ఫుప్పూ మాత్రం పక్కింటి గొడవ చూసినంత సంబరంగా, నలుగురూ తిరిగి చూసేలా నవ్వింది. అంత గట్టిగా నవ్వగలదని నాకు ఆరోజే తెలిసింది. తర్వాత ఇసకతో గీసినవీ, కాగితాలు కత్తిరించి చేసినవీ వచ్చాయి. ఉన్నితో చేసిన మేక కొండెక్కుతుంటే మాత్రం నా చెవిలో, "ఉన్నికి పురి సరిగ్గా ఎక్కలేదే" అని పెదవి విరిచింది.

ఆ మేక ఫిల్ము చేసిన అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి అంటే కాబోయే ఇంజనీర్లం అందరం తలలు దించుకున్నాం. ఫుప్పూ లేచి నిలబడింది.

"ఏవండీ, ఆ మేకని నడిపించడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?"

"దాన్ని కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తియ్యాలండీ. నాలుగు నిమిషాల సినిమాకి రెండేళ్ళు పట్టింది."

"ఓపిక ఉందండీ మీకు. నేనూ తివాచీలు నేస్తానండీ. ముడి మీద ముడి, అంతే."

ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చి, ఫుప్పూ చేతివేళ్ళు పట్టుకుని చూసింది. అప్పటిదాకా ఆ వేళ్ళని అలా చూసినవాళ్ళు లేరు, నాతో సహా.

వాన వల్ల తిరుగు రైలు రెండు గంటలు ఆలస్యమైంది. ఏలూరు స్టేషన్లో నాన్న గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పన్ను పీకారా?" అన్నాడు కంగారుగా. నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాను. ఈలోగా ఫుప్పూ, "పన్ను బానే ఉంది భయ్యా. సినిమాకెళ్ళాం" అనేసింది. ఆయన దారంతా గొడుగు మా ఇద్దరికీ పట్టి తను తడిశాడు. ఇంటికొచ్చాక మాత్రం నాతో, "రేపట్నించి కాలేజీ అక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున నా పాసింజరు కూత ఇంట్లో కూర్చునే విన్నాను. ఆ కూత వింటూ లోపలే ఉండిపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఫుప్పూ కూడా మగ్గం ఎక్కలేదు. సగం నేసిన తివాచీని ఆ నెలాఖరుకి ఇచ్చెయ్యాలి. ఇంట్లో ఆ నమూనా తెలిసిన చెయ్యి ఆవిడది ఒక్కటే.

"ఒంట్లో బాలేదామ్మా?" అని నాన్న అడిగాడు.

"బానే ఉంది భయ్యా."

"మరి?"

"పిల్ల కాలేజీకెళ్ళాక కూర్చుంటాను."

మూడు రోజులు ఆవిడ బియ్యం ఏరుతూ వాకిట్లో కూర్చుంది. నాన్న మగ్గం చుట్టూ తిరిగాడు, కోప్పడ్డాడు, బతిమాలాడు. నాలుగో రోజు పొద్దున్న నా పుస్తకాల సంచీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, "రైలు టైమవుతోంది" అన్నాడు గోడకేసి చూస్తూ. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల అమ్మ పలక ఎత్తిన చప్పుడు, ఫుప్పూ కూర్చున్న చప్పుడు వినిపించాయి.

ఆవిడ గెలిచిందనుకుంటూ నా చదువు పూర్తి చేశాను. నాకు ఉద్యోగం వచ్చాకే అమ్మ అసలు సంగతి చెప్పింది. నాన్న నా సంచీ గుమ్మం దగ్గర పెట్టడానికి ముందురోజు రాత్రి ఫుప్పూ ఆయనకి మాటిచ్చిందట, పిల్లని చదవనిస్తే తను ఇక గుమ్మం దాటనని. దాటలేదు కూడా. నా జీతంతో సినిమాకి తీసుకెళతానంటే, "ఒకసారి చూశాగా" అని నవ్వేసేది. చివరికి ఆ పలక మీది నుంచే జబ్బుతో మంచానికి మారి, మళ్ళీ లేవలేదు.

నేనావిడకి ఇచ్చింది ఒక్క మధ్యాహ్నం. ఆవిడ నాకిచ్చింది ఆ తర్వాతి రోజులన్నీ. ఇవాళ్టికీ ఆ రోజుల్లోనే బతుకుతున్నాను.