కందిరీగ కొనిపెట్టిన హ్యాంగర్లు

ఆ రోజుల్లో మనిషికి రెండు చొక్కాలుంటే ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద ఉండేది. మూడోది కూడా ఉందని తెలిస్తే ఆ ఇంటికి నాలుగు జిల్లాల నుంచి పెళ్లిసంబంధాలు వచ్చేవి. ఈ చివరి ముక్క అబద్ధం. ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ సుఖం కాబట్టి చెబుతున్నాను, ఏ సంగతినీ ఉన్న కొలతకు చెప్పడం నాకు చేతకాదు. నేను వంద అంటే మీరు ముప్పై అనుకోండి, తుపాను అంటే జల్లు అనుకోండి. నా భార్య అలాగే అనుకుంటుంది, అందుకే మా కాపురం సజావుగా సాగుతోంది. పోయిన నెల ఆవిడ తమక అనే ఊళ్లోని మా ఇంట్లో బీరువా సర్దుతానని పూనుకుని, లోపలి హ్యాంగర్లన్నీ తీసి మంచం మీద పోయడం మొదలుపెట్టింది. లాండ్రీవాడు ఇచ్చిన తీగ హ్యాంగర్లు, రెడీమేడ్ చొక్కాలతో వచ్చిన ప్లాస్టిక్ హ్యాంగర్లు, మెడ విరిగినవి, ఒక భుజం జారినవి. కాసేపటికి మంచం కనబడకుండా పోయింది. "ఉండేది ఇద్దరం. మన ఇద్దరికీ కలిపి ఎన్ని భుజాలు?" అని అడిగింది. నాలుగని జవాబు చెప్పి, ఆ కుప్పను గోనెసంచిలోకి కుక్కుతుంటే అడుగున ఒకటి చేతికి తగిలింది. టేకు కొయ్య, ఇత్తడి కొక్కెం, నడుమ సన్నటి పగులు. దాన్ని చూడగానే నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. ఎందుకు పోయిందో చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి, బంగారు గనుల ఊరికి పోవాలి.

అప్పటికి గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. దొరలు ఒకరొకరుగా ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ ఊళ్లోనే ఉరిగాం అనే చోట ఒక పెద్ద బంగళా మాత్రం సామాన్లతో సహా తాళం పడి ఉండిపోయింది. (ఎంత పెద్దదంటే, వంటింట్లో వేసిన తిరగమోత వాసన వరండాకు చేరేసరికి కూర చల్లారిపోయేది.) మా అవ్వ ఆ బంగళాలోనే పందొమ్మిదేళ్లు ఆయాగా పనిచేసింది. బట్టలు సర్దడం, పడకలు వేయడం, సాయంత్రం వరండాలో దొర కూర్చున్న పడకకుర్చీని ఆయన లేచాక లోపలికి చేర్చి ఇంటికి రావడం, ఇవీ ఆమె పనులు. చిక్కంతా ఆ చివరి పనితోనే. దొర ఒకసారి కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాడు కాదట. అవ్వ స్తంభం పక్కన నిలబడి ఉండేదట. "ఆయప్ప లేస్తే కదా నేను ఇల్లు చేరేది? గర్వం అప్పా. పక్కన ఒక ఆడమనిషి నిలబడుండాదే అనే ధ్యాసే లేదు. కాళ్లు చాపుకొని అట్లే ఉంటాడు" అని చెప్పి చెప్పి ఆ దొరను మా ఇంట్లో ఒక చెడ్డ బంధువులా చేసిపెట్టింది. ఆమె మోకాళ్లు అరిగింది ఆ స్తంభం పక్కనేనని మా అందరి నమ్మకం.

ఆ బంగళా సామాన్లు కంపెనీవాళ్లు వేలం వేస్తున్నారని తెలిసిన రోజు అవ్వ నన్ను పిలిచి, కొంగుముడి విప్పి, ఉన్నదంతా నా చేతిలో పెట్టింది. "ఇంగేమీ వద్దప్పా. ఆ పడకకుర్చీ ఒకటి పట్టుకొని రా. ఒక సాయంత్రమన్నా నేనూ కాళ్లు చాపుకొని కూర్చుంటాను" అంది. జన్మలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. నేనప్పుడు గని కూలీల హాజరు రాసే టైమాఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. మా వంశంలో భూమి కింద కాకుండా భూమి పైన, అదీ పొడుగు ప్యాంటు వేసుకొని పనిచేసిన మొదటి మనిషిని. నా నడకలో ఆ సంగతి కొంచెం కనబడేది. (నాయన మాటల్లో చెప్పాలంటే, ఊరి అవతలి మారికుప్పం దాకా కనబడేది.)

వేలంపాట పాడినవాడు మా హెడ్ గుమాస్తా. అతని గొంతు విని గనిలో మూడో షిఫ్టు వాళ్లు సైరనేమోనని పైకి వచ్చేశారు. అద్దాలు, పింగాణీ, మంచాలు అయిపోయాయి. టేకు బీరువాను ఎవరో కొనుక్కున్నారు కానీ అందులోని హ్యాంగర్లను విడిగా గోనెసంచిలో వేసి పెట్టారు. కుర్చీ వంతు దాని తరువాత. సంచి ధర చెప్పి హెడ్ గుమాస్తా అటూ ఇటూ చూస్తున్న సమయంలో, రాయి తొలిచే డ్రిల్లంత ముల్లు ఉన్న కందిరీగ ఒకటి వచ్చి నా మెడ మీద వాలింది. దాన్ని తోలడానికి చెయ్యి ఎత్తాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. అవ్వ కొంగుముడిలోది సంచికి సరిపోయింది. ఆ తరువాత కుర్చీని రాబర్ట్‌సన్‌పేటలో లాండ్రీ పెట్టుకున్న గంజి మామ పాడుకున్నాడు. (ఆయన చొక్కాకు పెట్టే గంజికి, ముందు చొక్కా గదిలోకి వచ్చేది, వెనకాల మామ వచ్చేవాడు.)

సంచి మోసుకొని, గని కూలీల వరస ఇళ్లలో మాదైన లైన్ ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చున్న అవ్వకు కందిరీగ కథ చెప్పాను. ఆమె సంచి వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. "కుట్టిందా?" అంది. లేదన్నాను. "పోనీలే. మంచి కందిరీగే" అని, సంచి విప్పమంది. విప్పితే నూట ఇరవై హ్యాంగర్లు (మీ లెక్కన ముప్పై ఆరు). కోపగించుకుంటుందని నేను ఒదిగి నిలబడితే, ఆమె ఒక్కొక్కటీ తీసి చేత్తో నిమిరి, ఇది దొర క్లబ్బుకు వేసుకుపోయే నల్లకోటుది, ఇది దొరసాని నీలంగౌనుది అని చుట్టాలను గుర్తుపట్టినట్టు పేర్లు చెప్పసాగింది. పందొమ్మిదేళ్లు రోజూ ముట్టుకున్నవి మరి. కుర్చీ ఊసే ఎత్తలేదు. అదే నన్ను ఎక్కువ కుట్టింది.

మాది ఒక గది, ఒక వంటిల్లు. నలుగురం మనుషులం, ఒక దండెం. హ్యాంగరు తగిలించడానికి కడ్డీ కావాలి, కడ్డీకి బీరువా కావాలి, బీరువాకు బంగళా కావాలి. అవేవీ లేని ఇంట్లో అవి మంచం కింద, పొయ్యి వెనక, బియ్యం డబ్బా మీద పెరగసాగాయి. నీళ్లబిందెలో చెంబు ముంచితే హ్యాంగరు వచ్చింది. నాయన గనికి పోతూ గొడుగనుకొని ఒకటి తీసుకుపోయాడు. వాటిని వదిలించుకోవడం అమ్మ నాకు అప్పజెప్పిన పని. వరసలోని ప్రతి ఇంటికీ రెండేసి పంచాను. తెల్లారేసరికి, ఏమీ అనుకోవద్దంటూ మర్యాదగా తిరిగి తెచ్చిచ్చారు. మామిడి కొమ్మలు వంచడానికి కొక్కేలు పనికొస్తాయని శ్రీనివాసపురం తోటలవాళ్లకు ఓ నాలుగు పంపిస్తే, కొక్కేలు పీక్కొని కొయ్యలు వాపసు పంపారు. బైరకూరులో మా మేనమామ ఒకదానికి పాత చొక్కా తొడిగి రాగి చేలో దిష్టిబొమ్మగా నిలబెట్టాడు. దాని భుజాల తీరు చూసి పిట్టలు పారిపోవడం మానేసి అర్జీలు ఇచ్చుకోవడానికి వరసకట్టాయట. చివరికి అమ్మ తేల్చి చెప్పింది: "ఆదివారం లోపల ఆ కొయ్యలన్నా పోవల్ల, నువ్వన్నా పోవల్ల. ఇద్దరికీ చోటు లేదు."

శనివారం సాయంత్రం గంజి మామ లాండ్రీకి పోయాను. ఆఫీసర్ల కోట్లను మడతపెట్టి ఇస్తే నడుమ గీత పడుతోందని తిట్లు తింటున్నాడని విన్నాను. కుర్చీ యాడ ఉండాది మామా అంటే, మూలకు చూపించాడు. అందులో ఒక మేస్త్రి నిండుగా పడుకొని ఉన్నాడు. "పొద్దున కూర్చున్నాడప్పా. ఇంగ లెయ్యలేదు. దాంట్లో కూర్చున్నోడికి ఇల్లు గుర్తుండదు. ఇంగొక గిరాకీ నిలబడుకునేదానికి చోటు లేదు" అని మొరపెట్టుకున్నాడు. నా దగ్గర హ్యాంగర్లున్నాయి, ఆయన దగ్గర కుర్చీ ఉంది. మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేకపోయింది. కానీ హ్యాంగర్లు ఇచ్చేయడానికి అవ్వ ఒప్పుకోవాలి కదా. ఇంటికి వచ్చి భయపడుతూనే అడిగాను. ఆమె సంచిలో చెయ్యి పెట్టి వెతికి, ఒక్కటి మాత్రం తీసి పక్కన పెట్టుకొని, మిగిలినవి తీసుకుపొమ్మంది. చూస్తే అది నల్లకోటుదీ కాదు, నీలంగౌనుదీ కాదు. నడుమ పగిలింది.

"ఇది నేను కింద పడేసింది" అంది మెల్లగా. "మైనం పెట్టి అతికించినా. దొరసాని అడిగితే పిల్లి పడేసిందని చెప్పినా."

"నమ్మిందా అవ్వా?"

"నమ్మినట్టు ఉన్నిందప్పా. వాళ్లింట్లో పిల్లే లేదు." పగులు మీద వేలితో రాసి, "నమ్మినట్టు ఉండేదానికీ పెద్దమనసు కావల్ల" అంది. నేను సంచి మూతి కట్టడంలో తల వంచుకుని ఉండిపోయాను.

ఆదివారం సాయంత్రం పడకకుర్చీ మా గుమ్మం ముందుకు వచ్చింది. వీధంతా చూస్తుండగా అవ్వ చీర కుచ్చెళ్లు సర్దుకొని, ఎవరైనా వద్దంటారేమో అన్నట్టు ఒకసారి వెనక్కి చూసి, కూర్చుంది. కాళ్లు చాపింది. కళ్లు మూసుకుంది. దీపాలు పెట్టే వేళయింది. అవ్వ లేవబోయింది. కుర్చీ లేవనివ్వలేదు. అంత పల్లంగా, అంత వెనక్కి వాలి ఉన్న కుర్చీలోంచి అరిగిన మోకాళ్లతో లేవడం మనిషి వల్ల అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది. నాయన ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకొని, అమ్మ వెనకనుంచి తోస్తే గాని పైకి రాలేదు. (గనిలో ఖనిజం పైకి లాగే ఇంజను తెప్పిద్దామని నాయన అన్నాడు.) అందరం నవ్వుతుంటే అవ్వ మాత్రం నిలబడి ఆ కుర్చీ వంకే చూస్తూ ఉండిపోయింది.

"లెయ్యాలనే ఉన్నిందేమో ఆయప్పకు" అంది. "మోకాళ్లు నా మాదిరే ఉన్నాయేమో. దొర కదా, నోరు తెరిచి అడగలేడు. ఎవరన్నా ఒక చెయ్యిస్తే లేచుండును. పందొమ్మిదేండ్లు పక్కనే నిలబడి గర్వం అనుకుంటినే."

ఆ తరువాత ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి సాయంత్రం ఆ కుర్చీలోనే కూర్చుంది. దీపాల వేళకు రెండు చేతులూ ఇచ్చి లేపడం నా పని. స్నేహితులతో ఎక్కడ తిరుగుతున్నా ఆ వేళకు ఇంటికి వచ్చేవాణ్ణి. మంచి మనవడని వీధిలో పేరు వచ్చింది. ఆ పేరు అంత సుఖంగా ఒంటికి పట్టలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పేస్తాను. హ్యాంగర్ల లెక్క, పిట్టల అర్జీలు, బిందెలోని హ్యాంగరు, ఇవి కల్పనలని మీరు ఎలాగూ పట్టేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది కందిరీగను. ఆ రోజు నా మెడ మీద ఏదీ వాలలేదు. నా పక్కన కొత్తగా వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు నిలబడి ఉన్నాడు. సంచిలోని హ్యాంగర్లు చూసి, ఇవి కోటున్నవాళ్లకే పనికొస్తాయని ఎవరితోనూ కాకుండా అన్నాడు. నాకు కోటు లేదు. కానీ ఆ సంచికి చెయ్యి ఎత్తితే కోటున్నవాణ్ణనుకుంటారు; ఆ తరువాత వచ్చే కుర్చీకి ఎత్తితే, ఆయా మనవడు కుర్చీ కోసం వచ్చాడని నలుగురూ గుర్తుపడతారు. అందుకే బాగా తెలిసే, ప్యాంటు జేబులోంచి తీసి మరీ, ముందే చెయ్యి ఎత్తాను. అవ్వకు ఆ సంగతి అరుగు మీదనే తెలిసిపోయింది. ఏ సాయంత్రమూ అడగలేదు. నా చేతులు పట్టుకొని లేచి, కొంగు సర్దుకొని, లోపలికి పోయేది.

కోటు నేను ఇప్పటిదాకా కుట్టించుకోలేదు. పోయిన నెల సంచిలోకి కుక్కిన ఆ కుప్పంతా పాత సామాన్లవాడికి వేసేసి, ఆ పగిలినదాన్ని మాత్రం తిరిగి బీరువాలో తగిలించాను. నా భార్య చూసింది. విరిగినదాన్ని ఎందుకు ఉంచుకోవడం, అసలు అది ఎలా పగిలిందని అడిగింది. పిల్లి పడేసిందని చెప్పాను. మా ఇంట్లో పిల్లి లేదు. ఆవిడ నా వంక కాసేపు చూసి, బీరువా తలుపు వేసింది.

నమ్మినట్టే ఉంది.